గురుముఖి 'శ' కంప్యూటర్‌లో ఎలా ఉంటుంది, ఎక్కడ తేడా కొడుతుంది

పంజాబ్ జిల్లాల పేర్లు గురుముఖి లిపిలో ఉన్న పట్టిక ఒకటి తెరిచి, వెతుకు పెట్టెలో 'హుశియార్‌పుర్' అని కొట్టండి. పేరు కళ్లెదుటే ఉన్నా ఒక్కోసారి దొరకలేదని వస్తుంది. అక్షరదోషం లేదు, ఫాంటూ బాగానే ఉంది. ఆ పేరు మధ్యలో ఉన్న 'శ' ఒక్కటే తేడా. తెర మీద ఒకే అక్షరంగా కనిపించే ఈ 'శ'ను కంప్యూటర్‌లో రెండు రకాలుగా రాయవచ్చు. పట్టికలో ఒక రకం ఉండి మీరు ఇంకో రకం కొడితే రెండూ కలవవు.

గురుముఖిలో అసలు అక్షరాలు 35. ఫారసీ, అరబీ మాటల కోసం, ఇతర ధ్వనుల కోసం తర్వాత కలిపినవి ఆరు: శ, ఖ఼, గ఼, జ఼, ఫ఼, ళ. ఈ ఆరూ పాత అక్షరం కింద చుక్క పెట్టి చేసుకున్నవే. 'స'ను వాళ్లు సస్సా అంటారు. దాని పాదం దగ్గర చుక్క పెడితే 'సస్సే పైర్ బిందీ', అంటే మన శ. ఈ ఒక్క అక్షరాన్ని పట్టుకుని వెళ్తే మిగతా ఐదింటి సంగతీ తెలిసిపోతుంది.

ఇక్కడ కోడ్ నంబర్లన్నీ దశాంశంలోనే ఇస్తున్నాం. ఎక్సెల్‌లో నేరుగా వాడుకోవచ్చు, చేత్తో లెక్క వేసుకోవడానికీ సులువు. యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ ఒక్కో నంబరు ఇచ్చే ప్రపంచ ప్రమాణం) పట్టికల్లో మాత్రం ఇవే హెక్స్‌లో, అంటే పదహారు ఆధారంగా రాసే అంకెల్లో, కనిపిస్తాయి.

ముందు నంబరు కనుక్కోండి

యూనికోడ్‌లో గురుముఖికి ఇచ్చిన గళ్లు 128: 2560 నుంచి 2687 దాకా. తెలుగువి 3072 నుంచి 3199 దాకా. రెంటికీ తేడా సరిగ్గా 512. భారతీయ లిపుల వరసను యూనికోడ్ 1988 నాటి ఇస్కీ (భారతీయ లిపులకు అంతకుముందున్న కోడ్ ప్రమాణం) పద్ధతి నుంచి తీసుకుంది. ఇస్కీలో అన్ని లిపుల 'క'కూ ఒకటే స్థానం కాబట్టి ఇక్కడా ప్రతి లిపి 'క' తన గళ్ల వరసలో అదే చోట కూర్చుంది. తెలుగు క 3093, అందులోంచి 512 తీస్తే 2581, అది గురుముఖి క. తెలుగు శ 3126, గురుముఖి శ 2614. తెలుగు స 3128, గురుముఖి స 2616.

ఈ తీసివేతను లిప్యంతరీకరణ యంత్రంలా వాడేద్దామనిపిస్తుంది. ష, ఱ తప్ప మిగతా హల్లుల వరకు ఫరవాలేదు, ఆ రెంటికి గురుముఖిలో గళ్లు ఖాళీ. గురుముఖికే ప్రత్యేకమైన టిప్పీ అనే సున్న (2672), అద్దక్ అనే ద్విత్వ గుర్తు (2673) దగ్గర దెబ్బ తింటుంది, ఆ రెండు గళ్లూ తెలుగులో ఖాళీ. అటు నుంచి చూస్తే మన హ్రస్వ ఎ, ఒలకు గురుముఖిలో చోటు లేదు.

అక్షరం కింద చుక్కకు పేరు నుక్తా, నంబరు 2620. తెలుగులో అదే స్థానం, అంటే 3132, చాలాకాలం ఖాళీగా ఉండి 2021లో వచ్చిన యూనికోడ్ 14తో నిండింది.

కాబట్టి శకు ఉన్న రెండు రూపాలు ఇవి:

ఒకటో రూపం: 2614. ఒకే నంబరు.
రెండో రూపం: 2616, దాని వెంటే 2620. అంటే స, తర్వాత నుక్తా.

యూనికోడ్ లెక్కలో ఈ రెండూ సమానమే. కానీ సమానమని ప్రోగ్రాముకు ఎవరో ఒకరు చెప్పాలి, చెప్పకపోతే అది నంబర్లను నంబర్లుగానే పోలుస్తుంది.

కీబోర్డు దగ్గరే ఈ చీలిక మొదలవుతుంది. భారతీయ లిపులకు ఉమ్మడిగా ఉన్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్‌లో ఎమ్ కీ స, షిఫ్ట్‌తో ఎమ్ శ. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ వాడేవాళ్లకు ఈ రెండు కీలూ అలవాటే. నుక్తా మాత్రం మూసే చదరపు బ్రాకెట్ కీ మీద ఉంటుంది. షిఫ్ట్‌తో ఎమ్ నొక్కేవాళ్లు ఒకరు, స కొట్టి బ్రాకెట్ కీ నొక్కేవాళ్లు ఇంకొకరు. ఫోన్ కీబోర్డులు ఏది పంపుతాయో వాటి తయారీదారు ఇష్టం. మీది ఏది పంపుతోందో కింది పరీక్షతో చూసుకోండి.

ఎక్సెల్‌లో పది నిమిషాల పరీక్ష

1. ఒక గడిలో యూనిచార్ ఫంక్షన్‌కు 2614 ఇవ్వండి. శ కనిపిస్తుంది.
2. పక్క గడిలో యూనిచార్ 2616ను, యూనిచార్ 2620ను ఆంపర్‌సాండ్ గుర్తుతో కలపండి. అదే శ కనిపిస్తుంది. ఏ చిన్న తేడా కనిపించినా అది ఫాంట్ చుక్కను పెట్టిన తీరు, అంతే.
3. రెంటికీ లెన్ ఫంక్షన్ పెట్టండి. మొదటిదానికి 1, రెండోదానికి 2 వస్తుంది.
4. అనుమానం ఉన్న మాటను మూడో గడిలో అతికించి, మిడ్ ఫంక్షన్‌తో ఒక్కో అక్షరాన్ని విడదీసి యూనికోడ్ ఫంక్షన్‌కు ఇవ్వండి. నంబర్లు వరసగా బయటపడతాయి.

ఈ ఫంక్షన్లు ఎక్సెల్ 2013 నుంచి ఉన్నాయి, లిబ్రేఆఫీస్‌లోనూ ఉన్నాయి. పైథాన్ వచ్చినవాళ్లకు ఆర్డ్, సీహెచ్‌ఆర్ ఫంక్షన్లు ఇదే పని చేస్తాయి. వర్డ్‌లో అయితే కర్సర్‌ను అక్షరం తర్వాత పెట్టి ఆల్ట్‌తో ఎక్స్ నొక్కితే హెక్స్ నంబరు కనిపిస్తుంది, మళ్లీ నొక్కితే అక్షరం వచ్చేస్తుంది.

ఇంత కూడా చేసే తీరిక లేకపోతే శ తర్వాత కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కండి. చాలా ఎడిటర్లలో ఒకటో రూపమైతే అక్షరం మొత్తం పోతుంది. రెండో రూపమైతే చుక్క మాత్రమే పోయి స మిగులుతుంది.

హుశియార్‌పుర్ మొత్తాన్ని ఇలా విడదీస్తే వచ్చే వరస:

2617 (హ), 2625 (ఉకార గుర్తు), 2614 (శ), 2623 (ఇకార గుర్తు), 2566 (ఆ), 2608 (ర), 2602 (ప), 2625 (ఉకారం), 2608 (ర).

తొమ్మిది నంబర్లు. శ రెండో రూపంలో ఉంటే పది. ఇకార గుర్తును పంజాబీలో సిహారీ అంటారు. తెర మీద అది హల్లుకు ఎడమ పక్కన, అంటే ముందు కనిపిస్తుంది. నిల్వలో మాత్రం హల్లు తర్వాతే ఉండాలి. పలికే వరసే రాసే వరస. గుడి హల్లు మీదే కూర్చునే తెలుగులో ఈ తిరకాసు లేదు. అందుకే మనవాళ్లు గురుముఖి ఫైళ్లు పట్టినప్పుడు మొదట తడబడేది ఇక్కడే.

నంబరును బైట్లుగా మార్చడం

ఫైల్లో ఉండేవి బైట్లు, అంటే 0 నుంచి 255 లోపు అంకెలు. ఇప్పుడు వెబ్‌లో దాదాపు అంతటా వాడేది యూటీఎఫ్-8. అందులో గురుముఖి అక్షరానికి, తెలుగు అక్షరానికి మూడేసి బైట్లు పడతాయి. లెక్క కాగితం మీద చేసుకోవచ్చు:

2614ను 64తో భాగించండి. భాగఫలం 40, శేషం 54.
40ని మళ్లీ 64తో భాగించండి. భాగఫలం 0, శేషం 40.
మొదటి బైటు: 224కు చివరి భాగఫలం 0 కలిపితే 224.
రెండోది: 128కి 40 కలిపితే 168.
మూడోది: 128కి 54 కలిపితే 182.

కాబట్టి 2614 అంటే 224, 168, 182. తెలుగు శకు ఇదే లెక్క వేస్తే 224, 176, 182 వస్తుంది, మధ్య బైటు ఒక్కటే మారుతుంది. రెండో రూపానికి ఆరు బైట్లు: సకు 224, 168, 184, నుక్తాకు 224, 168, 188.

గురుముఖి గళ్లలో మొదటి సగానికి, అంటే 2623 దాకా, రెండో బైటు 168. 2624 నుంచి 169. తెలుగుకు ఇవి 176, 177. తెలియని ఫైలును హెక్స్ ఎడిటర్‌లో తెరిచినప్పుడు ఏ లిపో గుర్తుపట్టడానికి ఈ మధ్య బైటు చూస్తే చాలు.

విండోస్‌లో 'యూనికోడ్' అని పాత పేరుతో సేవ్ చేసిన ఫైళ్లు యూటీఎఫ్-16లో ఉంటాయి. అక్కడ అక్షరానికి రెండే బైట్లు: 2614ను 256తో భాగిస్తే భాగఫలం 10, శేషం 54. ఇందులో ఒక తమాషా ఇబ్బంది ఉంది. గురుముఖి నంబర్లన్నిటికీ ఆ భాగఫలం 10 అవుతుంది. బైట్ల లోకంలో 10 అంటే 'కొత్త లైను'. ఎన్‌కోడింగ్ (నంబర్లను బైట్లుగా రాసే పద్ధతి) పట్టించుకోకుండా లైన్లవారీగా ఫైలు చదివే ప్రోగ్రాముకు యూటీఎఫ్-16 గురుముఖి ఇస్తే ప్రతి అక్షరం దగ్గరా లైను తెగుతుంది. 'నా ఫైల్లో 400 లైన్లుంటే 12,000 చూపిస్తోందేంటి' అని ఎవరైనా అడిగితే మొదట దీన్నే అనుమానించండి. మందు ఒకటే, యూటీఎఫ్-8గా మళ్లీ సేవ్ చేయడం.

రెంట్లో ఏది ఉంచుకోవాలి

రెండో రూపమే. ఇందులో తర్జనభర్జనకు చోటు లేదు, యూనికోడ్ ముందే తేల్చేసింది.

సమానమైన రూపాలన్నిటినీ ఒక దారికి తెచ్చే పనిని నార్మలైజేషన్ అంటారు. అందులో ఎక్కువగా వాడేది ఎన్‌ఎఫ్‌సీ. విడిగా ఉన్న ముక్కలను కలిపి ఒక్కటి చేయడం దాని స్వభావం. తెలుగు ఐత్వాన్నే చూడండి. 3142, 3158 అని రెండు ముక్కలుగా వచ్చినా ఎన్‌ఎఫ్‌సీ దాన్ని 3144గా కలిపేస్తుంది. కాబట్టి గురుముఖి సను, నుక్తాను కలిపి 2614 చేస్తుందనుకుంటాం. జరిగేది తలకిందులు: 2614 ఇచ్చినా సరే, దాన్ని విడగొట్టి 2616, 2620 చేస్తుంది. చుక్క అక్షరాలు ఆరూ 'మళ్లీ కలపకూడనివి' అనే ప్రత్యేక జాబితాలో ఉన్నాయి. ఆ జాబితాలోకి ఒకసారి చేరింది ఇక బయటికి రాదు.

ఆరింటి నంబర్లు, అవి విడిపోయే తీరు:

శ: 2614, విడిపోతే 2616, 2620
ళ: 2611, విడిపోతే 2610, 2620
ఖ఼: 2649, విడిపోతే 2582, 2620
గ఼: 2650, విడిపోతే 2583, 2620
జ఼: 2651, విడిపోతే 2588, 2620
ఫ఼: 2654, విడిపోతే 2603, 2620

మీరు చేయాల్సింది: డేటా లోపలికి వచ్చే ప్రతి ద్వారం దగ్గరా ఎన్‌ఎఫ్‌సీ పెట్టండి. పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్ ఫంక్షన్, జావాస్క్రిప్ట్‌లో స్ట్రింగులకు ఉండే నార్మలైజ్ ఇందుకే. నిల్వ ఉన్న పాత డేటాను ఒకసారి పూర్తిగా దాని గుండా పంపండి. వెతుకు పెట్టెలో వాడుకరి కొట్టిన మాటను కూడా పోల్చే ముందు పంపండి. చాలామంది డేటాకు చేసి, వెతికే మాటకు చేయడం మర్చిపోతారు. అప్పుడు షిఫ్ట్‌తో ఎమ్ కొట్టేవాళ్లందరికీ వెతుకులాట పాడవుతుంది, అంటే ఉన్న జబ్బు ఇంకా ముదురుతుంది.

గురుముఖిలో డొమైన్ పేరు తీసుకునేటప్పుడు కూడా ఇదే నియమం. ఆ పేర్లలో 2614 లాంటి రూపాలకు అనుమతే లేదు, విడిపోయిన రూపమే చెల్లుతుంది.

ఎన్‌ఎఫ్‌సీ సరిచేయలేనివి

అసలు తలనొప్పి ఇక్కడుంది. ఎన్‌ఎఫ్‌సీ పెట్టాం కదా అని చేతులు దులుపుకుంటే పట్టికలో తప్పులు అలాగే ఉండిపోతాయి. చూడటానికి ఒకేలా ఉన్నా యూనికోడ్ 'సమానం' అని ఒప్పుకోని జంటలను అది ముట్టుకోదు.

మొదటిది నుక్తా చోటు. హుశియార్‌పుర్‌లోని 'శి'కి సరైన వరస 2616, 2620, 2623: స, నుక్తా, సిహారీ. టైపు చేసేవాళ్లు స కొట్టి, సిహారీ కొట్టి, అయ్యో చుక్క మర్చిపోయానని చివర నుక్తా కొడితే 2616, 2623, 2620 అవుతుంది. కొన్ని ఫాంట్లలో అదీ శిలాగే కనిపిస్తుంది. మధ్యలో అచ్చు గుర్తు అడ్డం ఉంటే నార్మలైజేషన్ నుక్తాను దాని మీదుగా ముందుకు జరపదు. మీరే జరపాలి: అచ్చు గుర్తు (2622 నుంచి 2636 దాకా ఉన్నవి) తర్వాత 2620 కనిపిస్తే రెంటినీ తారుమారు చేయండి. నుక్తా గనక పొల్లు (2637) తర్వాత వస్తే ఆ ఒక్క సందర్భంలో ఎన్‌ఎఫ్‌సీ తనే సర్దుతుంది.

రెండోది అచ్చులు. గురుముఖి అచ్చులు మూడు 'మోసే' అక్షరాల మీద గుర్తులు పెట్టి రాసినట్టు కనిపిస్తాయి: ఊడా (2675), ఐడా (2565), ఈడీ (2674). ఆ అంటే ఐడా పక్కన 'కన్నా' అనే దీర్ఘపు గీత. చూసినవాళ్లు చూసినట్టే 2565, 2622 అని కొడతారు. అది తప్పు. ఆకు సొంత నంబరు 2566 ఉంది, అదే వాడాలి. మార్చుకోవాల్సిన జంటలు తొమ్మిది:

2565, 2622 ఉంటే 2566 (ఆ)
2674, 2623 ఉంటే 2567 (ఇ)
2674, 2624 ఉంటే 2568 (ఈ)
2675, 2625 ఉంటే 2569 (ఉ)
2675, 2626 ఉంటే 2570 (ఊ)
2674, 2631 ఉంటే 2575 (ఏ)
2565, 2632 ఉంటే 2576 (ఐ)
2675, 2635 ఉంటే 2579 (ఓ)
2565, 2636 ఉంటే 2580 (ఔ)

కొత్త బ్రౌజర్లు ఇలాంటి జంట కనిపిస్తే అచ్చు గుర్తుకు ముందు చుక్కల వలయం వేసి చూపిస్తాయి. చూడటానికి బాగుండదు గానీ, తప్పు వెంటనే పట్టిస్తుంది.

మూడోది డ కింద చుక్క. హిందీలో బరువైన 'ర' లాంటి ధ్వనికి డ కింద నుక్తా పెడతారు. ఆ అలవాటులో గురుముఖిలోనూ డ (2593), నుక్తా (2620) కొట్టేవాళ్లున్నారు. గురుముఖిలో ఆ ధ్వనికి డాడా అనే సొంత అక్షరం ఉంది, 2652. అది 35 అక్షరాల్లో చివరిది, చుక్కతో చేసింది కాదు, అది విడిపోదు కూడా. దేవనాగరి నుంచి యంత్రం మార్చిన పాఠంలో ఈ పొరపాటు ఉందేమో తప్పక వెతకండి.

నాలుగోది సున్న. మన సున్న ఒకటే, గురుముఖిలో రెండు: బిందీ (2562), టిప్పీ (2672). గుర్తు ఏదీ లేని హల్లు మీద, సిహారీ మీద, రెండు రకాల ఉకారాల మీద టిప్పీ. దీర్ఘ ఆ, ఈ, ఏ, ఐ, ఓ, ఔ గుర్తులుంటే బిందీ. అందుకే 'సింఘ్' మాటలో టిప్పీ: 2616, 2623, 2672, 2584. అమ్మ అనే 'మాఁ'లో బిందీ: 2606, 2622, 2562. ఇస్కీలో ఈ రెంటికీ కలిపి ఒకే కోడ్ ఉండేది, ఏది చూపాలో ప్రదర్శన చూసుకునేది. యూనికోడ్‌లో టైపు చేసేవాళ్లే ఎంచుకోవాలి. పాత ఇస్కీ ఫైళ్లను గుడ్డిగా మారిస్తే అన్నీ బిందీలే అవుతాయి.

పాత ఫాంట్ల ఫైళ్లు వస్తే

అను ఫాంట్లలో చేసిన తెలుగు డీటీపీ ఫైలును యూనికోడ్‌లోకి తెచ్చినవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. పంజాబీలో అన్మోల్‌లిపి, గుర్బానీఅఖర్, అసీస్ లాంటి ఫాంట్లు ఇలాంటివే. వాటిలో నిల్వ అయ్యేది ఇంగ్లిషు అక్షరమే, ఫాంట్ దాని మీద గురుముఖి ముసుగు వేస్తుంది. ముసుగు తీస్తే అర్థంలేని ఇంగ్లిషు కనిపిస్తుంది.

ఫాంట్ ఏదో తేల్చుకోవడం మొదటి పని. 'పంజాబీ' అనే మాట దొరికితే సులువు. అన్మోల్‌లిపిలో అది పి, పెద్ద ఎమ్, జే, డబ్ల్యూ, బి, పెద్ద ఐ. టైప్‌రైటర్ వరసను అనుసరించే అసీస్‌లో అదే మాట జి, జెడ్, ఐ, కే, పి, హెచ్. ఒకదాని పట్టికతో ఇంకోదాన్ని మారిస్తే అక్షరాలన్నీ గురుముఖిలోనే వస్తాయి, మాటలు మాత్రం ఏ భాషవీ కావు.

అన్మోల్‌లిపిలో హుశియార్‌పుర్ ఇలా నిల్వ ఉంటుంది: హెచ్, యు, ఐ, పెద్ద ఎస్, పెద్ద ఎ, డబ్ల్యూ, ఆర్, పి, యు, ఆర్. దీన్ని మార్చే వరస:

1. చిన్న ఐ అంటే సిహారీ. కనిపించే క్రమంలో కొట్టారు కాబట్టి హల్లుకు ముందుంది. దాన్ని వెనక వచ్చే హల్లు దాటించి పెట్టండి. ఆ హల్లుకు కింద ర, హ, వ ఒత్తు ఉంటే ఒత్తును కూడా దాటించాలి.
2. పెద్ద ఎస్ అంటే శ. 2616, 2620గా మార్చండి.
3. పెద్ద ఎ అంటే ఐడా, డబ్ల్యూ అంటే కన్నా. ఒక్కొక్కటిగా మార్చి ఊరుకుంటే పైన చెప్పిన తప్పు జంట, 2565, 2622, తయారవుతుంది. రెంటినీ కలిపి 2566 చేయండి.
4. మిగతావి ఒకటికొకటి మార్చి, చివర ఎన్‌ఎఫ్‌సీ పెట్టండి.

ఒకటో మెట్టు తప్పితే ఉకారం పక్కన సిహారీ చేరి 'హు' తర్వాత చుక్కల వలయం కనిపిస్తుంది. అమృత్‌సర్‌లో ఒత్తు దాటించే సంగతి బయటపడుతుంది. దాని సరైన వరస 2565, 2672, 2606, 2637, 2608, 2623, 2596, 2616, 2608. మ కింద ర ఒత్తు, ఆ రెంటి తర్వాతే సిహారీ. సిహారీని మ ఒక్కదాన్నే దాటించి ఆపితే 'మి' తర్వాత పొల్లు పడి ఒత్తు విరిగిపోతుంది.

పెద్ద ఆర్ ర ఒత్తు: 2637, 2608. తెరిచే చదరపు బ్రాకెట్ పూర్ణవిరామ దండం, మూసేది జంట దండం. ఆ దండాల కోసం గురుముఖి గళ్లలో వెతకకండి, లేవు. భారతీయ లిపుల్లో చాలావరకు దేవనాగరి గళ్లలోని 2404, 2405నే వాడుకుంటాయి. ధార్మిక పాఠాల్లో మొదట వచ్చే ఇక్ ఓంకార్ అన్మోల్‌లిపిలో 'కంటే తక్కువ', 'కంటే ఎక్కువ' గుర్తులు రెండూ పక్కపక్కన. దాన్ని 2676 అనే ఒకే నంబరుగా మార్చాలి. హెచ్‌టీఎంఎల్ ఫైలైతే ఈ పని ట్యాగులు తీసేశాకే చేయండి, లేకుంటే ట్యాగుల గుర్తులతో కలగాపులగం అవుతుంది.

పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన యూనికోడ్ పాఠంలోనూ సిహారీ ఒక్కోసారి హల్లుకు ముందే వస్తుంది. దానికీ ఒకటో మెట్టే మందు.

పిచ్చి గుర్తులు కనిపిస్తే

యూటీఎఫ్-8 ఫైలును పాత పాశ్చాత్య ఎన్‌కోడింగ్‌లో, అంటే విండోస్-1252లో తెరిస్తే ఒక్కో అక్షరం మూడు గుర్తులుగా చీలుతుంది. మొదటిది ఎప్పుడూ నెత్తిన వాలుగీత ఉన్న చిన్న ఇంగ్లిషు ఎ (224). రెండోది తెలుగైతే డిగ్రీ సున్న (176) లేదా కూడిక-తీసివేత గుర్తు (177). గురుముఖైతే జంట చుక్కలు (168) లేదా కాపీరైట్ గుర్తు (169). పేజీ నిండా కాపీరైట్ గుర్తులు కనిపిస్తే అది చాలావరకు పంజాబీయే.

సేవ్ చేయకపోతే ఏమీ పోలేదు, సరైన ఎన్‌కోడింగ్‌తో మళ్లీ తెరవండి. ఆ పిచ్చి గుర్తులనే సేవ్ చేసి ఉంటే వెనక్కి తిప్పే ప్రయత్నం చేయవచ్చు గానీ అన్నీ రావు. విండోస్-1252లో 129, 141, 143, 144, 157 బైట్లకు గుర్తులే లేవు, కొన్ని ప్రోగ్రాములు వాటిని ప్రశ్నార్థకంగా మార్చేస్తాయి. గురుముఖిలో ఆ బైట్లతో ముగిసేవి ఉకార గుర్తు, పొల్లు, ఏ, ఐ, ఝ. అందుకే బాగుచేసిన పట్టికలో హుశియార్‌పుర్ ఉకారాలు, అమృత్‌సర్ ఒత్తు మాయమవుతాయి. 160 అంటే విరగని ఖాళీ, ఠకు చివరి బైటు అదే. బఠిండా పేరులోని ఆ ఖాళీని ఎవరైనా మామూలు ఖాళీగా మారిస్తే అక్షరం పోయినట్టే. 173 అంటే కనిపించని హైఫన్, అది భకు చివరి బైటు. శహీద్ భగత్ సింఘ్ నగర్‌లో భ పోతే కారణం అది.

సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్‌తో ఎక్సెల్‌లో తెరిచినప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. ఫైలు మొదట 239, 187, 191 అనే మూడు బైట్ల గుర్తు లేకపోతే ఎక్సెల్ దాన్ని యూటీఎఫ్-8 అనుకోదు. సేవ్ చేసేటప్పుడే 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' ఎంచుకుంటే ఆ గుర్తు పడుతుంది.

నిల్వ, పొడవు, వరస

మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ఎన్‌కోడింగ్‌గా యూటీఎఫ్8ఎంబీ4 పెట్టుకోండి. గురుముఖికి మూడు బైట్ల పాత యూటీఎఫ్8 చాలు, కానీ అదే గడిలో ఎవరో ఒకరు ఎమోజీ పెడతారు, దానికి నాలుగు బైట్లు కావాలి. పోలికకు బైనరీ కొలేషన్ (నంబర్లను నంబర్లుగానే పోల్చే నియమం) ఎంచుకుంటే శ రెండు రూపాలూ వేర్వేరు మాటలే అవుతాయి, కాబట్టి ఎన్‌ఎఫ్‌సీ తప్పనిసరి.

పొడవు పరిమితిని బైట్లలో లెక్కపెట్టే డేటాబేసు అయితే హుశియార్‌పుర్‌కు 9 కాదు, 30 బైట్లు కావాలి (పది నంబర్లు, మూడేసి బైట్లు). ఎస్‌ఎంఎస్‌లో సాధారణంగా గురుముఖి సందేశానికి 70 నంబర్ల హద్దు, ఎక్కువైతే ముక్కకు 67. విడిపోయిన శ ప్రతిచోటా రెండు తింటుంది. సందేశం హద్దు దగ్గర ఉంటే పంపే ముందు మాత్రం 2614కు మార్చుకోవడంలో తప్పులేదు. డేటాబేసులో మాత్రం అలా ఉంచకండి.

పైథాన్‌లోని మామూలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో (పాఠంలో నమూనాలు వెతికే సూత్రాల్లో) 'పదాక్షరం' అనే సంకేతం నుక్తాను, అచ్చు గుర్తులను అక్షరాలుగా లెక్కించదు. దాంతో మాటలు గుర్తు దగ్గరల్లా తెగుతాయి. తెలుగుకూ ఇదే గతి. 2560 నుంచి 2687 దాకా మొత్తం శ్రేణిని విడిగా ఇచ్చేయండి.

ఇక అకారాది క్రమం. పంజాబీ నిఘంటువు ఊడా, ఐడా, ఈడీ, తర్వాత స, హ, ఆ తర్వాత క అని నడుస్తుంది. నంబర్ల క్రమంలో స, హ చివరికి పోతాయి. నంబర్ల ప్రకారం పేరిస్తే హుశియార్‌పుర్ పట్టిక అడుగున పడుతుంది, పంజాబీ పాఠకుడు మాత్రం దాన్ని కపూర్థలా కంటే పైన వెతుకుతాడు. దీనికి అడ్డదారి ఒకటుంది. ప్రతి అక్షరానికి నిఘంటు క్రమంలో 1 నుంచి 35 దాకా ఒక వరస సంఖ్య ఇచ్చి, పేరును ఆ సంఖ్యలుగా మార్చిన గడిని పక్కన పెట్టుకుని దాని మీద క్రమం పెట్టండి. శకు స సంఖ్యే ఇచ్చి, పేర్లు సరిగ్గా సమానంగా తేలినప్పుడు మాత్రమే నుక్తా ఉన్నదాన్ని తర్వాత పెట్టండి.

పాకిస్తాన్ పంజాబ్‌లో ఇదే భాషను షాముఖీలో, అరబీ లిపి గళ్లలోని అక్షరాలతో రాస్తారు. అది కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఇక్కడి నంబర్లేవీ అక్కడ పనికిరావు, దానికి వేరే పట్టిక కావాలి.